పసిబిడ్డకు మోషన్ కావట్లేదా? తమలపాకు తొడిమ పెట్టే ముందు ఇది చదవండి

పుట్టి పది రోజులైన బిడ్డకు నిన్నటి నుంచి దొడ్డికి కాలేదు. ముఖం ఎర్రగా చేసుకుని ముక్కుతోంది, కాళ్లు ముడుచుకుని ఏడుస్తోంది. అమ్మమ్మ ఆముదం సీసా తీస్తుంది. పక్కింటావిడ తమలపాకు తొడిమ పట్టుకొస్తుంది. ఇంకొకరు తేనె నాకించమంటారు. గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో బాలింత ఉన్న చాలా ఇళ్లలో కనిపించే సీనే ఇది.

ఇక్కడ సాధారణంగా రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. అసలు మలబద్ధకమే కానిదాన్ని మలబద్ధకం అనుకుని ఏదో ఒకటి పోసేయడం మొదటిది. పేగులో నిజంగానే జబ్బు ఉన్న బిడ్డను ఇంటి చిట్కాతో సర్దేసి, 'తగ్గిపోయింది' అనుకోవడం రెండోది. మొదటిదాని వల్ల చాలాసార్లు కంగారుతో పోతుంది. రెండోది మాత్రం ప్రాణాల మీదకు తెస్తుంది. తేడా ఎలా తెలుసుకోవాలో చూద్దాం.

పుట్టిన మొదటి 48 గంటలే కీలకం

బిడ్డ పుట్టగానే బరువు ఎంత, రంగు ఎలా ఉంది అని అందరూ అడుగుతారు. మొదటి మోషన్ ఎప్పుడైందని మాత్రం ఎవరూ అడగరు. నిజానికి డాక్టర్లు ముందుగా అడిగే ప్రశ్నల్లో అదొకటి.

కడుపులో ఉన్నప్పుడే బిడ్డ పేగుల్లో నల్లగా, ఆకుపచ్చ ఛాయతో, తారులా జిగటగా ఉండే మలం తయారవుతుంది. దీన్ని మెకోనియం అంటారు. నెలలు నిండి పుట్టిన బిడ్డల్లో దాదాపు అందరికీ 24 గంటల్లోపు ఇది బయటకు వచ్చేస్తుంది. కొందరికి 48 గంటలు పట్టొచ్చు. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు ఇంకాస్త ఆలస్యం కావొచ్చు. నెలలు నిండిన బిడ్డకు 24 గంటలు దాటినా నల్ల విరేచనం కాలేదంటే నర్సుకు, డాక్టర్‌కు చెప్పాలి. 48 గంటలు దాటితే పరీక్షలు చేయించకుండా డిశ్చార్జ్ చేయించుకుని రావొద్దు. ఇంటికెళ్లాక అదే అవుతుందిలే అనుకునే విషయం కాదిది.

ఆసుపత్రిలో మొదటి మోషన్ అయిన టైమ్‌ను ఫోన్‌లో రాసి పెట్టుకోండి. తర్వాత నెల రోజుల్లో ఏ సమస్య వచ్చినా ఆ ఒక్క సమాచారం డాక్టర్ పనిని సగం తగ్గిస్తుంది. ఇంకో చిన్న విషయం. మలద్వారం సరిగా ఏర్పడకుండా పుట్టే పిల్లలు సుమారు 5 వేల మందిలో ఒకరు ఉంటారు. కాన్పు చేసినవాళ్లు దీన్ని చూస్తారు. ఎప్పుడైనా దారిలోనో ఇంట్లోనో కాన్పు అయిపోతే, బిడ్డను తుడిచేటప్పుడే మలద్వారం ఉందో లేదో చూసుకుని, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నల్ల విరేచనాన్ని బయటకు పంపే సహజమైన మందు ముర్రుపాలు. పసుపుపచ్చగా, చిక్కగా, చెంచాడే వచ్చే ఆ పాలకు పేగులను కదిలించే గుణం ఉంది. వాటిని పిండి పారబోసి, చక్కెర నీళ్లో తేనో నాకించే అలవాటు ఇంకా అక్కడక్కడా కనిపిస్తోంది. అలా చేస్తే మందు పారబోసి సమస్యను కొని తెచ్చుకున్నట్టే. పుట్టిన గంటలోపు బిడ్డను రొమ్ముకు పట్టించాలి. సిజేరియన్ అయినా ఇదే మాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ఆపరేషన్ అయింది కదా, రేపటి నుంచి ఇద్దాంలే అంటే, బిడ్డ పేగుల్లో కదలిక కూడా రేపటికే వాయిదా పడుతుంది.

ఎన్నిసార్లు అన్నది కాదు, ఎలా ఉందన్నది చూడాలి

మూడో రోజు నుంచి మలం రంగు మారుతుంది. నలుపు పోయి ఆకుపచ్చ, గోధుమ కలిసిన రంగు వస్తుంది. ఐదో రోజుకల్లా తల్లిపాలు తాగే బిడ్డకు ఆవాల ముద్ద నీళ్లలో కలిపినట్టు పసుపు రంగులో, పలచగా, చిన్న చిన్న పలుకులతో వస్తుంది. చూసి విరేచనాలు పట్టుకున్నాయని భయపడేవాళ్లూ ఉన్నారు. భయం అక్కర్లేదు, తల్లిపాల మలం అలాగే ఉంటుంది.

మొదటి నెలలో తల్లిపాలు తాగే బిడ్డకు రోజుకు మూడు నాలుగుసార్లు, కొందరికైతే తాగిన ప్రతిసారీ అవుతుంది. పొట్టలోకి పాలు పడగానే పెద్దపేగు కదులుతుంది కాబట్టి తాగుతూ తాగుతూనే గుడ్డ ఖరాబు చేస్తారు. ఈ వయసులో మోషన్లు బాగా తగ్గిపోయాయంటే ముందు అనుమానించాల్సింది మలబద్ధకాన్ని కాదు, పాలు సరిపోతున్నాయా లేదా అన్నదాన్ని. లోపలికి వెళ్లేది తక్కువైతే బయటకు వచ్చేదీ తక్కువే. ఐదో రోజు దాటాక రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోస్తోందా, పుట్టినప్పటి బరువుకు రెండు వారాల్లోపు తిరిగి వచ్చిందా అన్నవి చూస్తే సంగతి తెలిసిపోతుంది.

ఆరు వారాలు దాటాక లెక్క మారుతుంది. తల్లిపాలు పూర్తిగా వంటపట్టే బిడ్డల్లో కొందరికి నాలుగైదు రోజులకోసారి, ఒక్కోసారి వారానికి ఒకసారి మాత్రమే అవుతుంది. బిడ్డ బాగా తాగుతూ, బరువు పెరుగుతూ, పొట్ట మెత్తగా ఉండి, వచ్చిన మలం మెత్తగానే ఉంటే అది జబ్బు కాదు. ఆ వారం రోజులూ ఇంట్లోవాళ్లను ఆపడమే తల్లికి అసలు పరీక్ష!

మరి నిజమైన మలబద్ధకం ఎలా ఉంటుంది? మేక పెంటికల్లా గట్టిగా, ఉండలు ఉండలుగా వస్తుంది. ఆ గట్టిదనం వల్ల మలద్వారం దగ్గర చీరుకుని సన్నటి రక్తపు చార కనిపించొచ్చు. తల్లిపాలు మాత్రమే తాగే నెలలోపు బిడ్డలో ఇది చాలా అరుదు. అందుకే పసిగుడ్డుకు గట్టి ఉండలు కనిపిస్తే ఇంట్లో మందు వెతకొద్దు, డాక్టర్‌కు చూపించండి.

ముక్కడం, ఏడవడం కూడా చాలాసార్లు జబ్బు కాదు. పది, ఇరవై నిమిషాలు ముఖం కందిపోయేలా ముక్కి, ఏడ్చి, చివరికి మెత్తటి మలం వదులుతారు. పొట్టతో నొక్కాలి, అదే సమయంలో కింద కండరాన్ని వదులు చేయాలి. ఈ రెండూ ఒకేసారి చేయడం పసిబిడ్డకు ఇంకా రాదు, నేర్చుకుంటోంది. కొన్ని వారాల్లో దానంతటదే కుదురుకుంటుంది. ఈ దశలో రోజూ కింద ఏదో ఒకటి పెట్టి గిలకొడితే, అది పెడితేనే వెళ్లాలని బిడ్డ శరీరం అలవాటు పడుతుంది.

తొడిమ 'పనిచేసింది' అంటేనే ప్రమాదం

తమలపాకు తొడిమను ఆముదంలో ముంచి మలద్వారంలో పెట్టడం, సబ్బు ముక్కను సన్నగా చెక్కి పెట్టడం... ఈ రెండూ ఈ ప్రాంతంలో తరతరాలుగా ఉన్న చిట్కాలు. పెట్టగానే మోషన్ అయిపోతుంది కాబట్టి నమ్మకం బలంగా ఉంటుంది. లోపలి పొర పసిబిడ్డలో చాలా పలచన. తొడిమ కొన గీరుకుంటే రక్తం వస్తుంది, సబ్బులోని క్షారం ఆ పొరను కాలుస్తుంది. అయితే అసలు ప్రమాదం ఇది కాదు.

హిర్ష్‌స్ప్రంగ్ అనే జబ్బు ఒకటుంది. కోపెన్‌హాగన్‌కు చెందిన పిల్లల డాక్టర్ హెరాల్డ్ హిర్ష్‌స్ప్రంగ్ 1886లో బెర్లిన్‌లో జరిగిన సమావేశంలో ఇద్దరు పసివాళ్ల కేసులను వివరించాడు. అప్పటి నుంచి దీనికి ఆయన పేరే స్థిరపడింది. పెద్దపేగు చివరి భాగంలో పేగును కదిలించే నరాల కణాలు కొందరు పిల్లల్లో పుట్టుకతోనే ఉండవు. ఆ భాగం ఎప్పుడూ బిగుసుకుపోయి ఉంటుంది. పైన పేగు ఎంత తోసినా మలం అక్కడికొచ్చి ఆగిపోతుంది. చివరి గేటు తెరుచుకోని కాలువలో నీళ్లు ఎగదన్నినట్టు, పైభాగం ఉబ్బిపోతుంది. సుమారు 5 వేల మంది బిడ్డల్లో ఒకరికి ఇది వస్తుంది. మగపిల్లల్లో దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లోనూ ఎక్కువగా కనిపిస్తుంది.

ఇప్పుడు తొడిమ దగ్గరకు వద్దాం. ఈ జబ్బు ఉన్న బిడ్డకు కింద ఏదైనా పెట్టి తీస్తే, బిగుసుకున్న భాగం ఒక్క క్షణం తెరుచుకుంటుంది. ఆగిపోయిన గ్యాస్, మలం ఒక్కసారిగా బుస్సుమని చిమ్ముకొస్తాయి. పొట్ట తగ్గుతుంది, బిడ్డ నిద్రపోతుంది. చూశారా, తొడిమ పెట్టగానే ఎలా అయిపోయిందో అని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. డాక్టర్ దృష్టిలో మాత్రం అలా చిమ్ముకుని రావడం జబ్బుకు పెద్ద గుర్తు. పిల్లల సర్జన్లు పరీక్ష చేసేటప్పుడు వేలు పెట్టి చూసేది కూడా దాని కోసమే. అంటే ఇంట్లో 'పనిచేసింది' అనుకున్నదే అక్కడ జబ్బును పట్టిచ్చే ఆధారం.

మూడు రోజులకోసారి తొడిమ పెడుతూ వారాలు, నెలలు గడిపేస్తే జబ్బు దాక్కునే ఉంటుంది. ఆగిపోయిన మలంలో సూక్ష్మక్రిములు పెరిగి పేగు వాచిపోతుంది. అప్పుడు జ్వరం, పొట్ట ఉబ్బరం, దుర్వాసనతో నీళ్ల విరేచనాలు మొదలవుతాయి. మలబద్ధకం పోయి విరేచనాలు పట్టుకున్నాయి అనుకునే ఇల్లు ఇక్కడ మరోసారి మోసపోతుంది. ఈ దశలో బిడ్డ గంటల్లోనే నీరసించి పోవచ్చు.

త్వరగా గుర్తిస్తే దీనికి మంచి చికిత్స ఉంది. మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే, మలద్వారం లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి చేసే బయాప్సీ పరీక్షతో జబ్బు తేలుతుంది. నరాలు లేని భాగాన్ని తీసేసి, బాగున్న పేగును కిందికి లాగి కలిపే ఆపరేషన్‌ను 1948లో అమెరికాలో ఓర్వర్ స్వెన్సన్ మొదటిసారి వివరించాడు. అదే పద్ధతికి మెరుగులు దిద్ది ఇప్పుడు చేస్తున్నారు. చాలామంది పిల్లలు తర్వాత మామూలుగా బడికి వెళ్లి ఆడుకుంటారు.

కాబట్టి మొదటి మోషన్ 48 గంటలు దాటి అయిన బిడ్డ, తొడిమ పెడితే తప్ప వెళ్లని బిడ్డ, పొట్ట బిర్రుగా ఉబ్బే బిడ్డ... వీళ్లలో ఎవరికీ ఇంటి చిట్కా వద్దు. పిల్లల డాక్టర్‌కు చూపించాల్సిందే.

ఆముదం, వస, తేనె, గ్రైప్ వాటర్... ఏది మంచిది?

సూటిగా చెప్పాలంటే, పసిబిడ్డ నోట్లోకి వీటిలో ఏదీ వద్దు.

ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లం పేగులను బలవంతంగా కదిలిస్తుంది. మోషన్ అవుతుంది, నిజమే. కానీ మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండే నీళ్లు ఎన్ని? రెండు మూడుసార్లు పలచగా పోతే చాలు, ఒళ్లు ఎండిపోతుంది. దానికంటే భయపెట్టేది ఇంకోటుంది. బిడ్డను కాళ్ల మీద వెల్లకిలా వేసుకుని, ముక్కు మూసి ఉగ్గుగిన్నెతో ఆముదం పోస్తుంటే కొంత ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. నూనె అక్కడికి చేరితే తేలిగ్గా బయటకు రాదు, న్యుమోనియా వస్తుంది. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేసే అలవాటుకూ ఇదే హెచ్చరిక.

వస కొమ్ము అరగదీసి నాకిస్తే మాటలు త్వరగా వస్తాయని, పొట్ట బాగుంటుందని నమ్మకం. గలగలా మాట్లాడేవాళ్లను వసపిట్ట అనేది అందుకే. వసలోని బీటా అసరోన్ అనే పదార్థం కారణంగా అమెరికా 1968లోనే దాన్ని ఆహారంలో వాడకుండా నిషేధించింది. పసిపిల్లలకు ఇస్తే వాంతులు పట్టుకోవడం డాక్టర్లకు తెలిసిన విషయమే.

తేనె సంగతి ఇంకా విచిత్రం. తేనెలో క్లాస్ట్రీడియం బొట్యులినమ్ అనే బ్యాక్టీరియా విత్తనాలు ఉండే అవకాశం ఉంది. పెద్దవాళ్ల పేగుల్లో అవి మొలకెత్తవు. ఏడాదిలోపు బిడ్డ పేగుల్లో మాత్రం మొలకెత్తి విషం తయారు చేస్తాయి. ఆ విషం నరాలను చచ్చుబరుస్తుంది. ఇలా వచ్చే ఇన్‌ఫెంట్ బొట్యులిజంలో చాలాసార్లు మొదటి లక్షణం ఏమిటో తెలుసా? మలబద్ధకమే. తర్వాత బిడ్డ సరిగా చప్పరించలేదు, ఏడుపు సన్నబడుతుంది, మెడ వాలిపోతుంది. ఏడాది నిండేదాకా చుక్క తేనె కూడా వద్దు. పుట్టతేనె అయినా, కంపెనీ సీసా అయినా తేడా లేదు.

గ్రైప్ వాటర్‌ను 1851లో ఇంగ్లండ్‌లో విలియం వుడ్‌వర్డ్ తయారు చేశాడు. ఒకప్పుడు అందులో ఆల్కహాల్ కూడా ఉండేది. ఇప్పుడు ఆల్కహాల్ లేని రకాలే అమ్ముతున్నారు, అయినా నెలలోపు బిడ్డకు దాని అవసరం లేదు. మెడికల్ షాపులో అడిగి కొనే గ్లిజరిన్ సపోజిటరీలు, లాక్టులోజ్ సిరప్‌లు కూడా అంతే. అవసరమైతే, ఎంత మోతాదులో అన్నది డాక్టర్ రాయాలి.

ఎండలు మండిపోతున్నా నీళ్లు వద్దు

వేసవి వచ్చిందంటే రాష్ట్రంలో ఎక్కువ ఉష్ణోగ్రతల వార్తల్లో రెంటచింతల పేరు వినాల్సిందే. అంత ఎండలో పెద్దవాళ్లకే నాలుక పిడచకట్టుకుపోతుంటే పసిబిడ్డకు రెండు చెంచాల నీళ్లు పోస్తే తప్పేంటి అనిపిస్తుంది. తప్పే. తల్లిపాలలో దాదాపు 88 శాతం నీళ్లే. దాహం తీర్చడానికి అవి చాలు. ఎండాకాలం బిడ్డ ఎక్కువసార్లు పాలు అడుగుతుంది, ఇవ్వాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దంటోంది.

నీళ్లు పోస్తే ఏమవుతుంది? బిడ్డ పొట్ట చిన్నది. నీళ్లతో నిండితే పాలు తాగదు. పాలు తాగకపోతే మోషన్ ఇంకా తగ్గుతుంది. ఎక్కువ నీళ్లు పోస్తే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ కూడా రావొచ్చు.

మిరప కోతలు, పత్తితీతలు... డబ్బా పాలు

ఈ మైదానంలో బిడ్డ పొట్టకు, పొలం పనికి నేరుగా లింక్ ఉంది. చలికాలంలో పత్తితీతలు, జనవరి నుంచి మిరప కోతలు. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి కుటుంబాలు చంటిపిల్లలతో సహా వలస వచ్చి పొలం గట్ల మీద గుడారాలు వేసుకుంటాయి. కాన్పై నెల తిరక్కుండానే పనిలోకి దిగే తల్లులున్నారు. పొద్దున పోతే మధ్యాహ్నం దాకా బిడ్డకు పాలుండవు. ఇంటి దగ్గర ముసలామె గేదె పాలో, డబ్బా పాలో పడుతుంది. మలం గట్టిపడటం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.

గేదె పాలు, ఆవు పాలు ఏడాదిలోపు బిడ్డకు ప్రధాన ఆహారం కాకూడదు. వాటిలో మాంసకృత్తులు, లవణాలు బిడ్డ పేగు, కిడ్నీ తట్టుకోలేనంత ఎక్కువ. డాక్టర్ చెప్పిన మీదట డబ్బా పాలు తప్పనిసరైతే కలపడంలో జాగ్రత్త ఉండాలి. బలంగా ఉంటుందని ఒక చెంచా పొడి ఎక్కువ వేస్తే మలం రాయిలా గట్టిపడుతుంది. డబ్బు మిగులుతుందని తక్కువ వేస్తే బిడ్డ ఎండిపోతుంది. డబ్బా మీద రాసిన కొలతే కొలత. డబ్బాలో ఇచ్చిన చెంచానే వాడాలి, పొడిని గీసినట్టు సమానం చేయాలి, ముందు నీళ్లు కొలిచి తర్వాత పొడి వేయాలి. నీళ్లు మరిగించి కాస్త చల్లార్చినవై ఉండాలి. కలిపాక గోరువెచ్చగా అయ్యిందో లేదో చేతి మణికట్టు మీద చుక్క వేసి చూశాకే పట్టాలి.

కనిగిరి వైపు వాళ్లకు ఒక అదనపు మాట. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య అందరికీ తెలిసిందే. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. పాలపొడి కలపడానికి ఆ బోరు నీళ్లు కాకుండా శుద్ధి చేసిన తాగునీళ్లు వాడాలి.

పనికి వెళ్లక తప్పని తల్లి పాలు పిండి శుభ్రమైన స్టీలు గిన్నెలో మూతపెట్టి వెళ్లొచ్చు. మామూలు గది చల్లదనంలో నాలుగు గంటల వరకు బాగుంటాయి, ఎండాకాలం అంతసేపు ఉంచొద్దు. సీసా కంటే ఉగ్గుగిన్నె, చెంచా మేలు. సీసా పీక కడగడం కష్టం, గిన్నె కడగడం తేలిక. ఉగ్గుగిన్నె మంచిదే, అందులో పోసేది మాత్రం తల్లిపాలై ఉండాలి.

మిరప కోసి వచ్చిన తల్లి బిడ్డను ఎత్తుకునే ముందు చేతులకు నూనె రాసి, సబ్బుతో రెండుసార్లు కడుక్కోవాలి. మిరప ఘాటు నీళ్లకు కరగదు. చేతి కారం రొమ్ముకు అంటితే బిడ్డ నోరు మండి పాలు వదిలేస్తుంది. ఇంట్లో మాత్రం కడుపునొప్పి అనుకుంటారు. పురుగుమందు కొట్టిన పత్తి చేలో పనిచేసి వస్తే స్నానం చేసి, చీర మార్చుకున్నాకే పాలివ్వాలి.

బాలింత తిండి వల్లే బిడ్డకు కట్టేసిందా?

కాన్పయ్యాక పథ్యం పేరుతో వెల్లుల్లి కారం, పాత బియ్యం అన్నం పెట్టి, నీళ్లు తగ్గించేసే ఇళ్లు చాలా ఉన్నాయి. బిడ్డకు మోషన్ కాకపోతే 'నువ్వేం తిన్నావ్' అని తల్లినే నిలదీస్తారు. తల్లి తిన్న కారం బిడ్డ మలాన్ని గట్టిపరచదు. ఆమె వేసుకునే ఐరన్ మాత్రల వల్లా బిడ్డకు మలబద్ధకం రాదు, వాటిని మానేయొద్దు. నీళ్లు తగ్గించడం వల్ల మలబద్ధకం వచ్చేది తల్లికే. కుట్లు ఉన్న బాలింతకు అది నరకం. దాహమైనప్పుడల్లా నీళ్లు తాగనివ్వాలి. ఆకుకూరలు, పప్పు, పండ్లు పెట్టాలి.

మరి ఇంట్లో ఏం చేయొచ్చు?

మొట్టమొదటి మందు పాలే. రాత్రి, పగలు కలిపి 8 నుంచి 12 సార్లు ఇవ్వాలి. ఒక రొమ్ము పూర్తిగా ఖాళీ అయ్యాకే రెండోదానికి మార్చాలి. బిడ్డ నోరు చనుమొన వరకే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగాన్ని కూడా పట్టుకునేలా చూడాలి. పట్టు సరిగా లేకపోతే గంటసేపు చప్పరించినా పొట్ట నిండదు.

అమ్మమ్మల చేతిలో నిజంగా మంచి వైద్యం ఒకటుంది. కాళ్లు చాపుకుని, బిడ్డను పడుకోబెట్టుకుని, గోరువెచ్చటి నీళ్లతో లాల పోయడం. వెచ్చటి నీళ్లకు పొట్ట కండరాలు వదులవుతాయి. బొడ్డు ఊడి ఆరిపోయాక, పాలు తాగిన అరగంట తర్వాత, బొడ్డు చుట్టూ గడియారం ముల్లు తిరిగే దిశలో రెండు వేళ్లతో మెల్లగా రుద్దొచ్చు. పెద్దపేగు కూడా అదే దిశలో సాగుతుంది. బిడ్డ రెండు కాళ్లు పట్టుకుని సైకిల్ తొక్కించినట్టు ఆడించడం, మోకాళ్లను నెమ్మదిగా పొట్టకు ఆనించడం కూడా గ్యాస్ బయటకు పోవడానికి సాయం చేస్తాయి. పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు తెప్పించాలి. ఇంతకు మించి ఇంట్లో చేయాల్సింది ఏమీ లేదు. సాంబ్రాణి పొగ మాత్రం వద్దు, ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు మోషన్ సంగతి తప్పక చెప్పండి. ఆసుపత్రిలో కాన్పైతే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆమె ఇంటికి వచ్చి బిడ్డను చూడాలి. బరువు తూయించుకోండి. మోషన్ తక్కువ, బరువు కూడా పెరగట్లేదంటే ఆగకూడదు.

పచ్చకామెర్లు తగ్గక, మోషన్ కూడా కాకపోతే

పుట్టిన బిడ్డల్లో చాలామందికి పచ్చకామెర్లు వస్తాయి, నెలలు నిండినవాళ్లలో రెండు వారాల్లోపు తగ్గుతాయి. రెండు వారాలు దాటినా పసుపు తగ్గలేదు, మోషన్ కష్టంగా ఉంది, బిడ్డ ఎప్పుడూ నిద్రపోతోంది, పాలకు లేవదు, ఏడుపు బొంగురుగా ఉంది, నాలుక పెద్దగా కనిపిస్తోంది అంటే థైరాయిడ్ లోపాన్ని అనుమానించాలి. మన దేశంలో సుమారు వెయ్యి మంది బిడ్డల్లో ఒకరికి ఇది పుట్టుకతోనే ఉంటుంది. 'మా పాప చాలా బుద్ధిమంతురాలు, అసలు ఏడవదు' అని మురిసిపోయే ఇళ్లలో కొన్నిసార్లు ఇదే దాగి ఉంటుంది.

మడమ దగ్గర చుక్క రక్తం తీసి చేసే టీఎస్‌హెచ్ పరీక్షతో దీన్ని పట్టుకోవచ్చు. పుట్టిన మొదటి రెండు వారాల్లోనే థైరాక్సిన్ మాత్ర మొదలుపెడితే బిడ్డ మెదడు మామూలుగా ఎదుగుతుంది. ఆలస్యమైతే పోయిన తెలివితేటలు తిరిగి రావు. మాత్ర ఖరీదు తక్కువే, పోయేది మాత్రం జీవితం. డిశ్చార్జ్ అయ్యేటప్పుడు ఈ పరీక్ష చేశారా అని అడగండి. చేయకపోతే చేయమనండి.

ఇవి కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు

ఆకుపచ్చ వాంతి అన్నిటికంటే పెద్ద ప్రమాద సూచన. పాల వాంతి తెల్లగా ఉంటుంది, అది మామూలే. పసరు రంగులో వాంతి అయిందంటే పేగు ఎక్కడో మూసుకుపోయిందని, ఒక్కోసారి మెలిపడిందని అర్థం. మెలిపడిన పేగుకు రక్తం అందదు. కొన్ని గంటల్లోనే పేగు చచ్చిపోతుంది. అర్ధరాత్రి అయినా బయల్దేరాలి.

పొట్ట డప్పులా బిగుసుకుని నరాలు తేలడం, పాలు పూర్తిగా మానేయడం, జ్వరం రావడం లేదా ఒళ్లు చల్లబడటం, మలంలో రక్తం ఎక్కువగా కనిపించడం, బిడ్డ లేపినా లేవకపోవడం కూడా అంతే. పసిబిడ్డ మలం సున్నంలా తెల్లగా వస్తుంటే అది మలబద్ధకం కాదు, కాలేయంలో పిత్తనాళం సమస్య కావొచ్చు. ఆ రోజే చూపించాలి.

108కు ఫోన్ చేస్తే అంబులెన్స్ ఉచితం. ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర ఎనిమా పెట్టించి చూద్దాం అనుకోవద్దు. పసిబిడ్డకు ఎనిమా తప్పుగా పెడితే పేగు చిల్లు పడొచ్చు. గుంటూరు జీజీహెచ్‌లో పిల్లల సర్జరీ విభాగం ఉంది. ప్రకాశం వైపు వాళ్లు ముందు ఒంగోలు జీజీహెచ్‌కు వెళ్లి పిల్లల డాక్టర్‌కు చూపించి, అవసరమైతే అక్కడి నుంచి రెఫర్ చేయించుకోవచ్చు. హిర్ష్‌స్ప్రంగ్, మలద్వారం లేకుండా పుట్టడం లాంటి వాటికి చేసే ఆపరేషన్లు రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకంలో ఉన్నాయి. కార్డు, తల్లి ఆధార్ వెంట ఉంచుకుని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి. దారిలో బిడ్డ ఒంటికి పొడి గుడ్డ చుట్టి, తల్లి గుండెకు ఆనించి పట్టుకోవాలి. పసరు వాంతి అవుతున్న బిడ్డకు డాక్టర్ చూసేదాకా నోట్లో ఏమీ పోయొద్దు.

ఇంకో పని చేయండి. బిడ్డ మలాన్ని, వాంతి చేసిన గుడ్డను వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. కొంచెం పచ్చగా ఉంది, గట్టిగానే ఉంది అని మాటల్లో చెప్పేదానికంటే ఒక్క ఫొటో డాక్టర్‌కు ఎక్కువ చెబుతుంది. దాంతోపాటు మొదటి మోషన్ ఎప్పుడైంది, చివరిసారి ఎప్పుడైంది, ఏ పాలు పడుతున్నారు, ఇంట్లో ఇప్పటికే ఏమేం పోశారు, కింద ఏమైనా పెట్టారా అన్నది దాచకుండా చెప్పండి. తిడతారేమోనని ఆముదం సంగతి, తొడిమ సంగతి దాచేవాళ్లే ఎక్కువ. డాక్టర్‌కు ముందుగా తెలియాల్సింది అదే.